బానెట్ పట్టుకున్న పెద్దాయన

మా మావయ్య టైలరు. ఆయన చొక్కా గుండీల పట్టీ మీద ఎప్పుడూ రెండు మూడు సూదులు గుచ్చి ఉంటాయి. పని మధ్యలో చేతిలో సన్నటి వస్తువు ఏదున్నా చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళి తగిలించేస్తుంది. భోజనానికి కూర్చున్నా తీయడు, పెళ్ళికి బయల్దేరినా తీయడు. "ఈయన దగ్గరికి వెళ్ళాలంటే ముందు సూదులు ఏరుకోవాలి" అని మా అత్త అందరి ముందూ అనేస్తుంది.

మనిషి మంచివాడే. కాకపోతే తనకు రాని పని లోకంలో లేదని గట్టి నమ్మకం. కుట్లు విప్పి మళ్ళీ కుట్టగలిగినవాడికి కుళాయైనా, ఫ్యానైనా, కారైనా ఒకటేనంటాడు. వాళ్ళ వంటింటి కుళాయి ఆయన బాగుచేసిన దగ్గర్నుంచి గుడ్డ కట్టుకుని బతుకుతోంది. అయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

ఆయన కారు ఎవరో వాడి వదిలించుకున్నది. బానెట్‌ని ఎత్తి నిలబెట్టే గ్యాస్ రాడ్లు రెండూ నీరసించిపోయి, ఎత్తిన బానెట్ వెంటనే కిందికి వాలిపోయేది. ఇల్లు తుడిచే మాప్ కర్ర అడ్డం పెట్టి చాలాకాలం నెట్టుకొచ్చాడు. ఒకరోజు కర్ర జారి బానెట్ నెత్తిన పడింది. బొప్పి తడుముకుంటూ వెళ్ళి కొత్త రాడ్లు కొనుక్కొచ్చాడు. మెకానిక్‌కి ఇవ్వమని అత్త అంటే, "రెండు పీకి రెండు పెట్టడానికి మెకానిక్ ఎందుకే" అన్నాడు.

ఆదివారం పొద్దున, మేమూ మావయ్య వాళ్ళూ ఉండే ఫ్లాట్ల కింద పార్కింగులో పని మొదలైంది. ఫోన్లో వీడియో చూపించే ఉద్యోగం నాది. రాడ్ రెండు చివర్లూ గుండ్రటి బొడిపెలకి పట్టుకుని ఉంటాయి. అవి ఊడిరాకుండా చిన్న తీగ క్లిప్పులుంటాయి. పాత రాడ్ లాగేసి, కొత్తదాని క్లిప్పు తీసి, బొడిపె మీద నొక్కి, క్లిప్పు మళ్ళీ తోసెయ్యాలి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టుకోమని వీడియోలో అతను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. మావయ్య వింటేనా. చొక్కా వదులు చెయ్యాలంటే రెండు పక్కలా ఒకేసారి విప్పుతాం కదా అని రెండు రాడ్లూ పీకేశాడు. అడ్డం పెట్టిన మాప్ కర్రేమో ఎటు తిరిగినా మోచేతికి తగులుతోంది.

అప్పుడే పెద్దాయన బకెట్టు పట్టుకుని అటు వచ్చాడు. మా ఫ్లాట్లలో అందరి కార్లూ తుడిచేది ఆయనే. మావయ్య కంటే వయసులో చాలా పెద్ద.

"పెద్దాయనా, కాస్త ఈ బానెట్ పట్టుకో. రెండు నిమిషాలు" అన్నాడు మావయ్య.

ఆయన బకెట్టు కింద పెట్టి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రెండు చేతులూ ఎత్తి బానెట్ పట్టుకున్నాడు. మావయ్య కర్ర తీసి పక్కన పారేశాడు. మొదటి రాడ్ బొడిపె మీద నొక్కాడు. తీరా క్లిప్పు పెడదామంటే క్లిప్పు లేదు. అది లేకుండా వదిలేస్తే రాడ్ ఊడిపోతుంది. కారు కింద చూశాడు, ఇంజన్ సందుల్లో చూశాడు, స్క్రూడ్రైవర్ల డబ్బా బోర్లించాడు. మెట్ల దగ్గర నలుగురు చేరారు. పై అంతస్తు లెక్చరరు గారు, "ఏం ఇంజనీరు గారూ, ఇవాళ్టికి అవుతుందా?" అన్నారు. అందరూ నవ్వారు. మావయ్య మొహం కందగడ్డ అయిపోయింది.

గిర్రున పెద్దాయన వైపు తిరిగాడు.

"నువ్వేమన్నా తీశావా?"

"నేనా బాబూ?"

"పొరపాటున జేబులో వేసుకున్నావేమో. చూడు."

"చేతులు ఖాళీ లేవు బాబూ. వదిలితే మీ మీద పడుతుంది."

"అయితే నేనే చూస్తా."

తన బానెట్‌ని రెండు చేతులతో మోస్తున్న మనిషి జేబులో చెయ్యి పెట్టాడు మా మావయ్య. ఒక దువ్వెన, కాగితంలో చుట్టిన రెండు బిస్కెట్లు బయటికొచ్చాయి. నలుగురూ చూశారు. పెద్దాయన మాత్రం తల పైకెత్తి బానెట్ లోపలివైపే చూస్తూ నిలబడ్డాడు. ఇది చెప్తుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది.

మావయ్య వాటిని మళ్ళీ ఆ జేబులో పెట్టేసి, చెమట తుడుచుకోబోయి ఆగిపోయాడు. వేళ్ళు గుండీల పట్టీ మీదున్నాయి. సూదుల పక్కనే క్లిప్పు. నేను చూశాను. నేను చూడటం మావయ్యా చూశాడు. దాన్ని గుప్పిట్లోకి లాక్కుని గబుక్కున కిందికి వంగి, ఏదో ఏరుకున్నట్టు లేచి, "ఆఁ, ఇదిగో. కింద పడింది" అన్నాడు.

"ఈయనే తీసి భయపడి పారేసుంటాడు లెండి" అన్నారు లెక్చరరు గారు.

మావయ్య కాదనలేదు.

రాడ్లు రెండూ చక్కగా కూర్చున్నాయి. వేలితో ఎత్తితే చాలు, బానెట్ లేచి నిలబడుతోంది. పెద్దాయన చేతులు దులుపుకుని, కాసేపు అక్కడే ఆగి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

మామూలుగా అయితే ఇంత పని చేశాక మావయ్య కనపడినవాళ్ళనల్లా ఆపి చెప్పాలి. నోరెత్తలేదు. పెద్దాయన కింద ఉన్నాడంటే పార్కింగులోకే దిగేవాడు కాదు. అత్త అడిగితే తలనొప్పి అన్నాడు. ఈలోగా లెక్చరరు గారు కారు లోపల తుడవడానికి పెద్దాయనకి తాళం ఇవ్వడం మానేశారు. ఆయన్ని చూసి ఇంకొందరూ మానేశారు. నేను షాపుకి వెళ్ళి ఆ మాట చెప్పాను. మావయ్య మిషను ఆపాడు.

"ఆయన్ని ఒకసారి రమ్మను. చొక్కా కుట్టిపెడతా."

"చొక్కా ఎందుకు మావయ్యా? జరిగింది చెప్తే సరిపోతుందిగా."

"రమ్మన్నానని చెప్పు చాలు" అన్నాడు, నా మొహం చూడకుండా.

పెద్దాయన వచ్చేసరికి, ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి లెక్చరరు గారు షాపులోనే కూర్చుని ఉన్నారు. మావయ్య నీళ్ళు నములుతూ బట్ట చూపించాడు. పెద్దాయన తలూపాడు. ఛాతీ కొలిచాడు, మెడ కొలిచాడు.

"జేబు ఒకటి పెట్టనా, రెండా?"

"జేబు వద్దు బాబూ."

"అదేంటి, జేబు లేకుండా ఎలా?"

"వద్దు. ఎవరికీ వెతికే పనుండదు."

దెప్పిపొడిచినట్టు లేదు ఆ గొంతు. కాలర్ సైజు చెప్పినంత మామూలుగా చెప్పాడు. మావయ్య చేతిలోంచి టేపు జారిపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాడని చూస్తేనే తెలుస్తోంది.

"ఆ క్లిప్పు కింద పడలేదండీ" అన్నాడు చివరికి. "నా చొక్కాకే ఉంది. నేనే తగిలించుకుని మర్చిపోయాను. మీ జేబులో చెయ్యి పెట్టాను. పైగా అబద్ధం ఆడాను. తప్పు నాదండీ."

లెక్చరరు గారు తలెత్తి చూసి, మళ్ళీ తల ప్యాంటు మడతల్లోకి దించేసుకున్నారు.

"తెలుసు బాబూ" అన్నాడు పెద్దాయన. "మీరు వంగక ముందే చూశాను. మీరే చెప్తారేమోనని కాసేపు నిలబడ్డాను కూడా."

మావయ్య వంగి టేపు తీసుకుని, "మరి... జేబు పెట్టనాండీ?" అని అడిగాడు.

"వద్దు బాబూ. భుజాలు కొలవండి."

కొలిచాడు. జేబు లేకుండానే కుట్టి ఇచ్చాడు.