దాణాలో రెండో గీత

మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఆమెకు లోకం వినబడదు. అందుకే పరిశోధనశాలలో అందరూ ఆమెను చెవిటక్క అనేవారు. నిజానికి చెవులు నిక్షేపంగా ఉండేవి. ఇక కళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎలుక కాలేయపు పలుచటి ముక్కలో ఒక్క కణం వాచినా ఇట్టే పట్టేసేవి. ఆ కళ్ళ మీదే దెబ్బ కొట్టాడు, స్వయానా చెల్లెలి మొగుడు.

అక్కడ అతనే అధికారి. సరిగ్గా కోయని స్లైడులు చూసి నివేదిక మీద సంతకం పెట్టనన్నందుకు, నిండు సమావేశంలో నవ్వుతూ అన్నాడు: "వదినగారికి చూపు మందగించింది, పాపం. ఇక విశ్రాంతి ఇద్దాం."

ఉద్యోగం పోయింది. ఆ 'పాపం' మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కోళ్ళ దాణా మిల్లులో నాణ్యత చూసే పనికి కుదిరింది. పొడి దుమ్ములో దగ్గుతూ పళ్ళు నూరుకుంటూ ఏళ్ళు గడిపింది. కణజాలమూ దాణా రెండూ తెలిసినవాళ్ళు దొరక్క, ఆహార భద్రతా కమిటీ చివరికి ఆమెను సభ్యురాలిగా పిలిచింది. చేతికొచ్చిన మొదటి దస్త్రమే మరిదిది: పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన మొక్కజొన్న మనుషుల తిండికీ పశువుల మేతకూ పనికొస్తుందా అన్నది తేల్చాలి.

వెంటనే చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఆయన మీది కోపం మొక్కజొన్న మీద తీర్చుకోకే. ఇది పోతే ఆయన పరువు గంగలో కలుస్తుంది."

"నా పరువు పోయిన రోజు మీ ఇంట్లో పొయ్యి వెలిగించలేదుటే?"

కొత్త గింజలు తిన్న ఎలుకల స్లైడులను, మామూలు గింజలు తిన్నవాటి పక్కన పెట్టి చూసింది. ఒక్క మచ్చయినా దొరకాలని ఎంత కోరుకుందో ఆమెకే తెలుసు. దొరకలేదు. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. లేనిదాన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

అయినా ఊరుకోలేక మేత తయారుచేసిన చోటు చూస్తానంది. అక్కడ రెండు రకాల గింజలకూ ఒకటే పిండిమర ఉంది.

"ముందు ఏ గింజ పోశావయ్యా?" అని మర ఆడించేవాణ్ణి అడిగింది.

"కొత్తదేనమ్మా. ముందు అదే కావాలని సారు తొందరపెట్టారు."

"తర్వాత మర విప్పి కడిగావా?"

"దులిపానమ్మా."

ఆమెకు సంగతి అర్థమైంది. మర కడుపులో ఎంత పిండి దాక్కుంటుందో దాణా మిల్లు నేర్పింది. మామూలు గింజ ముందు ఆడించాలి, మార్చింది తర్వాత: మర కడక్కుండా దులుపుడుతో సరిపెట్టుకునేవాళ్ళు ఆ వరుస తప్పితే, పోల్చడానికి పెట్టిన మేతే కలుషితమవుతుంది. ఇక తేడా కనబడేదెలా?

మరిదిని పిలిపించి, కమిటీ ముందే మామూలు మేత నమూనా సీలు విప్పించింది. నీళ్ళలో కలిపి పరీక్ష పట్టీ ముంచింది. ఒక్క గీత వస్తే మేత శుభ్రం. రెండో గీత వస్తే, మార్చిన జన్యువు చేసే ప్రోటీన్ అందులో ఉన్నట్టే.

"మరిదిగారూ, నాకేమో చూపు మందం. మీరే చూసి చెప్పండి, ఎన్ని గీతలు?"

అతని మొహం పాలిపోయింది. "రెండు..."

"గట్టిగా! ఆ చివరున్నవాళ్ళకు వినబడొద్దూ?"

"రెండండీ!"

"ఈ గింజ విషమని నేననను. మంచిదని చెప్పే హక్కు మాత్రం మీకు లేదు. పరీక్ష మొదటి నుంచీ జరగాల్సిందే." కమిటీ వైపు తిరిగి, తేనె పూసినట్టు అంది: "మరిదిగారు అలిసిపోయారు, పాపం. ఈసారి వేరే పరిశోధనశాలకు అప్పగిద్దాం."

కమిటీ సరేనంది.

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది, చెల్లెలిదే. ఆమె తాపీగా కుర్చీలో వాలి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. అది మోగి మోగి ఆగిపోయింది. చెవిటక్కకు వినబడలేదు.