గంటలక్క ప్రయాణం

మా టికెట్ల ఆఫీసులో ఆమెను అందరం గంటలక్క అనేవాళ్ళం. ఏ రెండు ఊళ్ళ విమానాశ్రయాలు చెప్పినా, మధ్య దూరమెంతో, ఎన్ని గంటలో ఆమె నాలుక చివర ఉండేది. పక్క బల్ల నాది. నాకైతే మా ఇంటి నుంచి ఆఫీసుకు ఎంతసేపో ఇప్పటికీ తెలియదు. రోజూ ఆలస్యమే.

అయితే ఆ లెక్కలో ఒక కిటుకుంది. మధ్యలో విమానం మారేచోట పడిగాపులు పడే సమయాన్ని ఆమె కలిపేది కాదు. మా యజమాని మొదటి రోజే నేర్పిన పాఠం అది. "కూర్చునే గంటలు ముందే చెప్తే టికెట్టు ఎవరు కొంటారమ్మా? తర్వాత వాళ్ళే తెలుసుకుంటారులే." చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి అలాగే చెప్పి చెప్పి, అది సగం మాటేనన్న సంగతి గంటలక్క మరిచేపోయింది.

ఒకరోజు ఆమె ఒక ముసలి దంపతులకు టికెట్టు చేస్తుండగా ఫోను మోగింది. దూరదేశంలో ఉన్న మరదలు. గంటలక్క తమ్ముడు నిద్రలోనే పోయాడట. తల్లి పోయాక ఈమె చేతుల మీదే పెరిగినవాడు.

"మీరొచ్చి చూసేదాకా తీసుకెళ్ళనివ్వను వదినా. ఎంతసేపు పడుతుంది?" ఫోనులో గొంతు నా దాకా వినిపించింది.

"పదకొండు గంటలమ్మా," అంది గంటలక్క, ముసలాయనకు చెప్పిన గొంతుతోనే.

ఆ దంపతుల పని పూర్తిచేసి, తన టికెట్టు తనే చేసుకుంది. ఏడుస్తుందేమోనని నేను నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఏడవలేదు, తాగలేదు. "బండి పిలువు," అంది.

నేరుగా వెళ్ళే విమానం లేదు. మధ్యలో ఒకచోట పన్నెండు గంటలు కూర్చుంది. అంతసేపూ ఏం చేశావక్కా అని తర్వాత అడిగితే, "ఎదురుగా ఒకావిడ నేల తుడుస్తుంటే చూశాను," అంది. విమానం ఎక్కేటప్పుడు ఆపేసిన ఫోను చేతిలోనే ఉంది. ఆన్ చేయాలని తోచలేదట. మనిషి అంతగా మొద్దుబారిపోయింది.

అవతల మరదలు పదకొండు గంటలూ ఎదురుచూసింది. పెద్దవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి మరికొంతసేపు ఆపింది. ఎన్నిసార్లు చేసినా ఈమె ఫోను కలవలేదు. చీకటి పడకముందే పూర్తి చేయాలని వాళ్ళు పట్టుబట్టి తీసుకెళ్ళిపోయారు.

గంటలక్క చేరేసరికి ఆ ఇంట్లో కుర్చీలన్నీ గోడవారకు జరిపేశారు. తమ్ముడి మంచం మీద పరుపు చుట్టి ఉంది. మరదలు ఆమెను చూసి మెల్లగా లేచింది. మరదలి ముఖంలో కోపం కూడా లేదట.

"పదకొండు గంటలన్నారు కదా వదినా. ఇక రారనుకున్నాం."

గంటలక్కకు అప్పుడూ ఏడుపు రాలేదు.

"అవి గాల్లో ఉండే గంటలమ్మా," అంది.