చెయ్యి ముందు పడింది

రావులపాలెం అరటి మార్కెట్లో అచ్చిబాబు గారి కొట్టుకి ఒక కట్టుబాటు ఉంది. రైతులు తెచ్చిన గెలల్ని వరసగా నిలబెడతారు. కొనేవాళ్ళు చుట్టూ మూగి పాట పెంచుకుంటూ పోతారు. ఇంకెవరూ పెంచడం లేదని తేలాక, పాట చెప్పే మనిషి అరచెయ్యి గెల మీద వేస్తాడు. చెయ్యి పడిందా, పాట అయిపోయినట్టే. ఆ తర్వాత ఎక్కువిస్తానని ఎవరు మొత్తుకున్నా వినరు. "పడిన చెయ్యి లేపితే రేపట్నించి మన గుమ్మం ఎవరు తొక్కుతారండీ" అంటారు అచ్చిబాబు గారు.

ఆ కొట్టులో ఫ్యాను కింద కుర్చీలో చాలాకాలం ఊరికే కూర్చున్న మనిషి లోకనాథ్. అచ్చిబాబు గారి ఒక్కగానొక్క అల్లుడు, అదీ ఇల్లరికం. సొంతూరు ద్రాక్షారామం. ఈ సంగతులన్నీ నాకు అతనే చెప్పాడు. ఒక్కరోజులో కాదు. మార్కెట్ ఎదురుగా టీ కొట్టు దగ్గర, గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు ఒక ముక్క, మళ్ళీ ఎప్పుడో ఇంకో ముక్క. తొందరపెడితే నవ్వేసి లేచిపోయేవాడు.

ఆ ఇంట్లో అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. తిన్న కంచం తియ్యబోతే అత్తగారు "అయ్యయ్యో, మీరా!" అని లాక్కునేవారు. బండి తాళం తీస్తే మావగారు లేచి నిలబడి, "ఎక్కడికండీ అల్లుడు గారూ ఈ ఎండలో? ఏం కావాలో చెబితే మనవాళ్ళు తెస్తారు కదా" అనేవారు. కొట్టుకి వెళ్తే కుర్చీ తుడిచి వేసేవారు. అందులో కూర్చోవడం తప్ప ఇంకో పని చెప్పేవారు కాదు. పాట మాత్రం అస్సలు చెప్పనిచ్చేవారు కాదు. "ఆటల మనిషి నోట్లో పాట నిలబడదు" అని జట్టు కూలీలతో అన్నారని తర్వాత తెలిసింది.

"తిట్టేవాడి మీద తిరగబడొచ్చండి," అన్నాడు లోకనాథ్ ఒకసారి. "కుర్చీ తుడిచి వేసేవాడి మీద ఎలా తిరగబడతాం?"

ఆటల మనిషి అన్నది నిజమే. రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ వెనక సందులో పూల్ నేర్చుకున్నాడు. పచ్చగుడ్డ బల్ల, పొడుగాటి కర్ర, రంగు బంతులు. ఒకరికి నిండు రంగువి, ఇంకొకరికి చారలవి. తెల్ల బంతిని కర్రతో కొట్టి, అది తగిలేలా చేసి తనవన్నీ బల్ల అంచుల్లో ఉన్న పాకెట్లలో వెయ్యాలి. అన్నీ అయ్యాక ఆఖర్న నల్ల బంతి. అది సరిగ్గా వేసినవాడిదే ఆట. ఏ బంతికైనా చెయ్యో బట్టో తగిలితే తప్పు, వంతు ఎదుటివాడికి పోతుంది. నల్లదాన్ని చేత్తో పడేస్తే ఆటే పోతుంది.

రావులపాలెంలో హైవే పక్క టైర్ల షాపు మేడ మీద ఒక పాత బల్ల ఉంది. మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగాక అక్కడికి చేరేవాడు. అక్కడ అతన్ని అల్లుడు గారూ అని పిలిచేవాళ్ళు లేరు. "ఏం లోకం, మావగారు వదిలారా?" అనేవారు. ఆ పిలుపు కోసమే సగం వెళ్ళేవాణ్ణి అన్నాడు.

ఆ మేడ మీద కూడా ఒక మర్యాద ఉండేది. నల్ల బంతి పాకెట్ అంచున నిలబడి, ఊదితే పడేలా ఉందనుకోండి, ఎదుటివాడు "కానీండి" అంటాడు. ఆడేవాడు కర్ర వదిలేసి దాన్ని అరచేత్తో లోపలికి తోసేస్తాడు. ఓడిన మనిషిని నిలబెట్టి మరీ ఆ ఆఖరి దెబ్బ కొట్టడం మోటుతనం అని వాళ్ళ లెక్క. ఏళ్ళు గడిచేసరికి ఆ "కానీండి" కూడా అనడం మానేశారు. బంతి అంచున నిలబడితే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళేది.

కిందటేడు పాత స్నేహితుడు అశోక్ ఫోన్ చేశాడు. రాజమండ్రిలో కొత్త హాలు పెడుతున్నాడు. "స్టేట్ ఆడిన మనిషి నేర్పుతున్నాడంటే జనం వస్తార్రా. ఈ జోనల్ పోటీ గెలిచి స్టేట్‌కి వెళ్ళు. హాలు నీ చేతిలో పెడతాను. పైన రెండు గదులున్నాయి, కాపురానికి సరిపోతాయి."

లోకనాథ్ ఆ మాట భార్య హేమశ్రీకి భయపడుతూనే చెప్పాడు. పుట్టింటిని వదలమంటే ఏమంటుందో అని. ఆమె పప్పు తాలింపు పెడుతూ, గరిటె ఆపి అడిగింది: "వంటింట్లో కిటికీ ఉందా?"

"ఎందుకు?"

"పుట్టినప్పట్నించీ ఈ ఒక్క పొయ్యి దగ్గరే తిరుగుతున్నానండి. పెళ్ళయితేనైనా మారుతుందనుకుంటే మిమ్మల్నే ఇక్కడికి తెచ్చారు."

మావగారితో మాట్లాడింది కూడా ఆమే. అచ్చిబాబు గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, తాపీగా విన్నారు. "ఆయ్, అలాగేనండి. స్టేట్‌కి వెళ్తే మీ ఇష్టం. నేనే వ్యాను పంపి సామాను దింపిస్తాను. నా మాట మీద ఉంటాను. వెళ్ళకపోతే మాత్రం, అల్లుడు గారూ, ఆ కర్ర మళ్ళీ ఇంటికి తేకండి. నలుగురిలో నాకు తలవంపులుగా ఉంది. గెలలు కోసే కత్తి కన్నా అదే పెద్దదైపోయింది మనింట్లో."

పోటీ రాజమండ్రిలో, ఆదివారం. లోకనాథ్ పొద్దున్నించీ ఒక్కొక్కర్నీ దాటుకుంటూ మధ్యాహ్నానికి ఫైనల్‌కి వచ్చాడు. గెలిచినవాడొక్కడే స్టేట్‌కి. ఎదురుగా యెహెజ్కేలు గారు. లూథరన్ స్కూల్లో డ్రాయింగ్ మాష్టారుగా చేసి రిటైరయ్యారు. తెల్లారే చర్చికెళ్ళి తిన్నగా పోటీకి వచ్చారేమో, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మణికట్టుదాకా గుండీలు. ఆయన దెబ్బ కొడితే చప్పుడు కూడా మెత్తగా ఉండేది.

ఇద్దరూ సమానంగా ఆటలు గెలిచి ఆఖరి ఆట మిగిలింది. అందులో మాష్టారిదే పైచెయ్యి. ఇంకొక్క బంతి, ఆ తర్వాత నల్లది. వంగి గురి చూస్తున్నవారు హఠాత్తుగా నిటారుగా లేచారు.

"రిఫరీ గారూ, నా చొక్కా చెయ్యి పక్క బంతికి తగిలిందండి."

రిఫరీ బల్ల వంక చూశాడు. "నాకు కదిలినట్టు కనిపించలేదండీ."

"నాకు తగిలినట్టు తెలిసింది కదండీ," అని మాష్టారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

అలా బల్ల లోకనాథ్‌కి వచ్చింది. "ఆ పెద్దాయన నిజం చెప్పబట్టి వచ్చిన ఆట అది," అన్నాడు నాతో. ఇక తప్పు చెయ్యలేదు. ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. ఆఖరి చారల బంతి దూరం నుంచి కొట్టాడు. అది పడింది. తెల్ల బంతి బల్ల గట్టుకి తగిలి వెనక్కి వస్తూ నల్లదాన్ని మెల్లగా తోసి, మూల పాకెట్ అంచున నిలబెట్టి ఆగింది. ఇక తాకితే చాలు. జనంలో అశోక్ అప్పుడే చప్పట్లు మొదలెట్టాడు.

ఆ క్షణంలో లోకనాథ్‌కి బల్ల కనిపించలేదు. కిటికీ కనిపించింది. దాని పక్కన హేమశ్రీ నిలబడి తాలింపు పెడుతోంది. కంచం తానే తీసి తానే కడుక్కుంటున్నాడు. అతను ఒక్క అడుగు ముందుకి వేశాడు. చెయ్యి వెళ్ళింది. అరచెయ్యి నల్ల బంతి మీద పడింది, బంతి లోపలికి పోయింది.

టక్‌మని చప్పుడు. చప్పట్లు ఆగిపోయాయి.

రిఫరీ అప్పుడు చూడలేదు. బాగా కనిపించాలని బల్ల మీదికి వాలిపోతున్న ఒకాయన్ని వెనక్కి నెడుతున్నాడు. ఇటు తిరిగేసరికి లోకనాథ్ చెయ్యి ఇంకా పాకెట్ మీదే ఉంది, యెహెజ్కేలు గారు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపి నిలబడి ఉన్నారు.

"చేత్తో వేశారా?" రిఫరీ గొంతు పెరిగింది.

మాష్టారే ముందు మాట్లాడారు. "నేను వదిలేశానండి. లేచి చెయ్యి చాపాను. అందుకని అతను బంతి తోశాడు. ఆట అతనిదే."

రూలు ప్రకారం ఎదుటి మనిషి ముందే ఓటమి ఒప్పుకుంటే ఆట అక్కడితో అయిపోయినట్టు. తర్వాత బంతిని ఏం చేసినా తప్పు లేదు. ముందే ఒప్పుకోవాలి, అంతే.

"మీరు లేవడం ముందా, బంతి పడటం ముందా?"

"నా మనసులో అంతకు ముందే వదిలేశాను."

"మనసులో వదిలెయ్యడానికి రూలు లేదండీ మాష్టారు గారూ. లేచింది ఎప్పుడు?"

యెహెజ్కేలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందే లేచాను," అన్నారు, నేల వంక చూస్తూ.

రిఫరీ లోకనాథ్ వైపు తిరిగాడు. "ఏవండీ, అంతేనా? అవునంటే కప్పు మీకు రాస్తాను."

అవును అనడానికి ఎంతసేపు? నోట్లోకి వచ్చిందట కూడా. అశోక్ తల ఊపుతున్నాడు, అను, అను అన్నట్టు. కానీ లోకనాథ్ కళ్ళు మాష్టారి చొక్కా చేతి మీద పడ్డాయి. ఇందాక ఎవరికీ కనపడకుండా బంతిని తాకిన చెయ్యి అది. నాకు తగిలినట్టు తెలిసింది కదండీ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"లేదండి," అన్నాడు. "నా చెయ్యే ముందు పడింది. అది చూసే ఆయన లేచారు."

రిఫరీ మాష్టారి పేరు రాశాడు. యెహెజ్కేలు గారు దగ్గరకొచ్చి మెల్లగా అడిగారు: "ఎందుకు బాబూ? నేను ఇచ్చాను కదా."

"మీరిచ్చేదాకా నేనాగలేదు కదండీ."

కర్ర ఆ హాల్లోనే గోడకి ఆనించి వచ్చేశాడు. ఇంటికి తేవద్దన్నారు కదా.

ఇంటికొచ్చేసరికి కబురు అతనికన్నా ముందే చేరిపోయింది, ఎవరో ఫోన్లో చెప్పేశారు. హేమశ్రీ అన్నం పెట్టింది. అతను తినడం అయ్యాక అంది:

"అవును అంటే సరిపోయేది కదండీ."

"సరిపోయేది."

"మీకు మీ నిజం మిగిలింది." కంచం తీసింది. "నాకు ఇదే వంటిల్లు మిగిలింది."



మర్నాడు కొట్టుకి వెళ్ళేటప్పుడు మావగారు వెక్కిరిస్తారనుకున్నాడు. వెక్కిరిస్తే బాగుండును, ఒక మాట అనొచ్చు అని కూడా అనుకున్నాడు. అచ్చిబాబు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఫ్యాను కింద కుర్చీ తీసి లోపల పెట్టించేశారు. జట్టుని, రైతుల్ని, కొనేవాళ్ళని అందర్నీ పిలిచారు.

"వినండి. మా అల్లుడు గారి చెయ్యి ముందు పడింది. రిఫరీ చూడలేదు. ఎదుటాయన సాయం వచ్చాడు. అయినా 'పడింది' అన్నారండి. అనుమానపడ్డాను నేను, ఇన్నాళ్ళూ. నా పొరపాటు. ఈరోజు నుంచి పాట మా అల్లుడు గారే చెబుతారు. నా తర్వాత కొట్టూ ఆయనదే."

మొలలోంచి తాళాల గుత్తి తీసి లోకనాథ్ చేతిలో పెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు. అంత ప్రేమగా పెట్టిన తాళాలు వద్దని ఎలా అంటారు ఎవరైనా?

అలా మొదలైంది. చెయ్యి ముందు పడిందని తనే చెప్పుకున్న మనిషి అట, మోసం ఉండదు అని కొత్త రైతులు వెతుక్కుంటూ వచ్చారు. ఆత్రేయపురం నుంచి, కొత్తపేట నుంచి, గోదావరి లంకల నుంచి. పక్క కొట్టు ముసలయ్య "మా గెలలన్నీ మీ అల్లుడి నిజం తినేస్తోందండీ అచ్చిబాబు గారూ" అని ఏడుపూ నవ్వూ కలిపి అనేవాడు. రైతులు పెరిగేకొద్దీ పాట పొడుగైంది. మధ్యాహ్నం మేడ మీదికి వెళ్ళే వేళకి ఇంకా గెలలు మిగిలే ఉండేవి. తర్వాత ఆ మేడ వైపు చూడటం మానేశాడు. అశోక్ మంచిగానే మాట్లాడాడు. కానీ హాలు ఖాళీగా పెట్టుకోలేడు కదా, వైజాగ్ నుంచి ఎవరినో తెచ్చుకున్నాడు. పై గదుల్లో వాళ్ళే ఉంటున్నారు.

మొన్నొకరోజు యెహెజ్కేలు గారు వచ్చారు. పొద్దున్నే, పాట మంచి ఊపులో ఉంది. చేతిలో పాత పంచె చుట్టిన పొడుగాటి కర్ర.

"స్టేట్‌లో మొదటిరోజే ఓడిపోయి వచ్చేశాను బాబూ. నువ్వు వెళ్ళాల్సింది. ఇదిగో, నీది. హాల్లోంచి తెచ్చి దాచాను." గొంతు తగ్గించారు. "ఈ ఏడు పోటీకి పేర్లు తీసుకుంటున్నారు. రేపే ఆఖరు. నాతో రా, రాయిద్దాం."

లోకనాథ్ చెయ్యి చాపేలోపే అచ్చిబాబు గారు వచ్చి కర్ర అందుకున్నారు. "మీరేనా అండీ మాష్టారు గారు! మీ ధర్మమా అని మా అల్లుడు గారి విలువ మాకు తెలిసింది. కాఫీ తాగందే కదలనివ్వనండి." గోడ మీద దేవుడి పటాల కింద రెండు మేకులు కొట్టించి కర్రని అడ్డంగా పెట్టించారు. స్వయంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నారు. "ఇంటికి తేవద్దన్న పాపం నాదేనండి. ఇక ఇది ఇక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు."

మాష్టారు ఆ బొట్ల వంక, లోకనాథ్ వంక చూశారు. ఇచ్చిన కాఫీ గ్లాసు అందుకున్నారు.

బయట చక్కెరకేళి గెల మీద పాట ఆగిపోయి ఉంది. ఇక పెంచేవాళ్ళు లేరు. లోకనాథ్ వచ్చి గెల ముందు నిలబడ్డాడు. అరచెయ్యి లేపాడు. ఆ చెయ్యి గెలకి కాస్త ఎత్తులో అలాగే ఉండిపోయింది. గెల తెచ్చిన రైతు, సైకిలు పట్టుకుని నిలబడ్డ ముసలాయన, ఆ చెయ్యి వంకే చూస్తున్నాడు. యెహెజ్కేలు గారూ చూస్తున్నారు, కాఫీ గ్లాసు పట్టుకుని.

"ఏంటండీ అల్లుడు గారూ," జట్టులో ఎవరో అరిచారు, "ఎండెక్కిపోతోంది. చెయ్యి వెయ్యండి!"

"వేస్తారు, వేస్తారు," అన్నారు అచ్చిబాబు గారు మురిపెంగా. "ఆయన తొందరపడరండి."

చెయ్యి పడింది.