తిరగబడ్డ పేరు

గురుబారి పెద్దపల్లి దగ్గరి ఇటుక బట్టీలోనే పుట్టింది. గురువారం పుట్టిన ఆడపిల్లకి ఒడిశాలో మా నువాపడా వైపు ఆ పేరే పెడతాం. ఏటా కోతలయ్యాక రైలెక్కి వస్తాం, వానలకి ముందు వెళ్ళిపోతాం. అందుకే ఊళ్ళో బడి ఆమెకు సగమే అందింది, ఇక్కడి బడి అసలు అందలేదు. తొమ్మిదేళ్ళకు ఆ పిల్ల నేర్చిన పనులు రెండు: పచ్చి ఇటుకల్ని అంచు విరగకుండా ఎండకు తిప్పడం, అచ్చులు కడగడం.

ఆ అచ్చులు చేసేది నేను. ఇటుక మీద బట్టీ పేరు 'జయ' అని పడాలంటే చెక్కలో అక్షరాల్ని తిప్పి చెక్కాలి. ముప్పై ఏళ్ళుగా నా ఉలికి వేరే దారి తెలియదు.

ఈ ఏడు పక్కూరి బడి వాళ్ళు వచ్చి పిల్లల్ని పంపమన్నారు. గురుబారి తండ్రి డోళామణి సగం ఒప్పుకున్నాడు.

"పేరు రాయగలిగితే పంపుతా. లేకపోతే ఇటుకలు తిప్పుకుంటుంది."

"కకా, నా పేరు చెక్కియ్యవా?" అని గురుబారి నా దగ్గరికొచ్చింది. మా భాషలో కకా అంటే బాబాయి. టేకు ముక్క మీద తెలుగులో చెక్కిచ్చాను. నాలుగు రోజులు దాన్ని చూస్తూ బూడిదలో దిద్దింది.

బడికి వెళ్ళిన రోజు మధ్యాహ్నానికే ఏడుస్తూ వచ్చేసింది. "ఏంది బిడ్డా, కోడి కెలికినట్టు రాసినవ్?" అందట పంతులమ్మ. పిల్లలంతా నవ్వారట.

డోళామణి నావైపు తిరిగాడు. "నీ అక్షరాలు ఇటుకలకే పనికొస్తాయి అన్నా."

పలక తీసుకుని చూశాను. నేను చెక్కింది చెక్కినట్టే రాసింది, ఒక్క గీత తేడా లేదు. అప్పుడు తట్టింది. చెక్కడమే తిప్పి చెక్కాను.

ముద్దెడు మట్టి, ఆ టేకు ముక్క పట్టుకుని పిల్లతో బడికి నడిచాను. పంతులమ్మ బల్ల మీద మట్టి చరిచి, ముక్క నొక్కి తీశాను. 'గురుబారి' అని సరిగ్గా పడింది.

"అయితే తప్పు నీదా, పెద్దాయనా?"

"నాదేనమ్మా. పిల్ల చెయ్యి మంచిది."

గురుబారి మట్టిలోని పేరు మీద వేలు తిప్పి, పలక తుడిచి మళ్ళీ రాసింది. 'రి' మీది గుడి మాత్రం ఇంకా తప్పు వైపే తిరిగింది. పంతులమ్మ ఈసారి పిల్లల్ని నవ్వించలేదు. "రేపు పొద్దున్నే రా. గుడి సంగతి చూద్దాం" అంది.

బట్టీ దగ్గర డోళామణి పలక అందుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. గురుబారి పచ్చి ఇటుకని తిప్పినట్టు మెల్లగా దాన్ని అతని చేతుల్లోనే తిప్పింది.

చాలాసేపు చూశాడు.

"మరి రేపు ఇటుకలు ఎవరు తిప్పుతారే?"

"నువ్వే. నేను ఆదివారం తిప్పుతాగా!"