ఏటవాలు వెలుగులో మామ చేయి

పేరున్నవాడు పోతేనే మీరు ఏడుస్తారు. అందుకే మా మామ చావు మీ దాకా రాలేదు. పోయిన వారం, దోహాలో, అల్ మన్సూరాలోని మా గదిలో, డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

మా అమ్మకు తమ్ముడు, జగిత్యాల దిక్కు మనిషి. చదునైన ఇసుకలో బుల్డోజర్‌తో గుట్టలు లేపి, పల్లాలు తీసి గోల్ఫ్ మైదానం చేసేవాడు. ఊళ్లో ఉన్న అత్తకు గల్ఫంతా దుబాయే; ఫోన్లో అడిగేది: "దుబాయ్‌ల గంత గడ్డి పెంచుతున్నరు గదా, బర్లెన్ని ఉన్నయ్?"

"బర్లు లేవే, దొరలే మేస్తరు" అనేవాడు.

గదికొస్తే మాత్రం ఒకటే పిచ్చి. అమెరికాలో తొలినాటి గోల్ఫ్ మైదానాలను నిజంగా ఎవరు తీర్చారో పాత ఫొటోల్లో వెతకడం. అదీ సాయంత్రం తీసిన ఫొటోలే. "మిట్టమధ్యాహ్నం నేల ఏం చెప్పదురా. పొద్దు వాలి నీడలు పడ్డంకనే చేసినోని చేయి బయటపడ్తది."

ఒకసారి ఫోన్లో రెండు ఫొటోలు చూపించాడు. రెండు ఊళ్లు, ఇద్దరు డిజైనర్ల పేర్లు. "గుట్టల మెడలు సూడు. రెండిట్లనూ ఎడమకే వంగినయ్. ఒక్కడే చేసిండు."

"ఆ దొరల ఆటస్థలం ఎవడు చేస్తే మనకేంది మామా? మనుషులకు లేని నీళ్లు గడ్డికి పోస్తున్నరు!" అని గొడవకు దిగాను.

"నీళ్ల లొల్లి నువ్వు జెయ్యి అల్లుడా. ఒక్క పూట నడిచి గుర్తుకు కర్రలు పాతిపోయిన డిజైనర్ పేరు మిగిలింది. గుర్రాలతోని మన్ను లాగినోణ్ని నేను దేవులాడుతున్న."

ఆ ఫొటోల్లో, ఎప్పుడో చచ్చినవాడి వేళ్లు గడ్డి కింద కదిలినట్టనిపించింది. ఫోన్ బోర్లించేశాను.

మామ చేసిన ఇక్కడి మైదానం తెరిచిన రోజు, గేటు ముందు బోర్డు మీద విదేశీ డిజైనర్ పేరొక్కటే ఉంది. మామ సూపర్‌వైజర్‌ని అడిగాడు: "సాబ్, హమారా నామ్?"

"మాఫీ" అన్నాడతను. అరబ్బీలో లేదని, అంతే. మామ ఆ రోజు అన్నం ముట్టలేదు.

శవపేటిక విమానమెక్కిన సాయంత్రం ఆ మైదానం కంచె దగ్గరికి పోయాను. మనుషుల్లేరు, గాలి లేదు. పొద్దు వాలేకొద్దీ చదునుగా కనిపించిన పచ్చిక మెల్లగా ఉబ్బింది. వీపు. భుజం. మెడ. దుప్పటి కింద ఎవరో ఒత్తిగిలినట్టు. మెడలన్నీ కుడికే వంగి ఉన్నాయి. మామ పడుకునేది ఆ పక్కకే.

అతని పేరు ఇక్కడ రాయను. ముందు అది ఆ బోర్డు మీద పడాలి. కాబట్టి మా గదివాళ్లమంతా అడుగుతున్నాం:

బోర్డు మీద మామ పేరు రాయాలి.
అతనితో మన్ను లేపిన అందరి పేర్లూ, ఎవరి భాషలో వాళ్లవి రాయాలి.
అమెరికా మైదానాల చరిత్రలో కర్రలు పాతినవాణ్ని, మన్ను లాగినవాణ్ని వేరువేరుగా చెప్పాలి.
తెలియని చోట తెలియదనే రాయాలి. ఇంకొకరి పేరు పెట్టకూడదు.
మామ లేపిన గుట్టల్ని తవ్వాలంటే ముందు మమ్మల్ని అడగాలి.