కవళ్ల మీద చూపు

ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడించే తాతబాబు చేపల్ని చూడడు, కొనేవాళ్ల కళ్లని చూస్తాడు. ఎవరి చూపు ఏ గంప మీద ఆగితే, వాళ్లకి ఆ గంప ధర ఎక్కిపోతుంది. గంప నెత్తినెత్తుకుని వీధులు తిరిగి ముసలిదైన నూకరత్నానికి ఇది తెలుసు. ఆ పొద్దున రుషికొండ హోటలుకు మొదటిసారి ఖరీదైన వంజరం చేప ఇస్తానని మాటిచ్చి వచ్చింది. అందుకే వంజరం వైపు కన్నెత్తి చూడకుండా, పక్క గంపల్లోని చవక చేపలు కవళ్లనే చూస్తూ నిలబడింది.

చూడగా చూడగా ఆ చిన్న చేపలే నిగనిగలాడాయి. కవళ్ల పాట మొదలవగానే ఆమె నోరు దానంతటదే ధర పెంచుకుంటూ పోయింది. తెచ్చిన డబ్బంతా కవళ్లకే పోయింది. తరవాత వంజరం ఇంకొకరు పాడుకుపోయారు.

“ఏటొదినా, హోటలోళ్లు కవళ్లు తింతారేటి?” తాతబాబు ఇకిలించాడు.

“నోర్ముయ్‌రా! నీ కళ్లు పీకేత్తాను!” అని అరిచింది గానీ, పీకాల్సినవి తన కళ్లేననిపించి ఒళ్లు మండిపోయింది. వాడిని ఏమార్చబోతే ఆ కళ్లు తన బుర్రనే ఏమార్చాయి.

హోటలు నుంచి ఫోనొచ్చింది.

“వంజరం లేదు బాబూ. ఎందుకంటే ఏటి సెప్పను? నాను కవళ్లని సూసినాను!”