వాషింగ్ మెషీన్‌తో కుమ్మరి సారె

ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడాదిలో నేను తార్నాకలో ఒక ఆంటీ వాళ్లింట్లో, మేడ మీది గదిలో అద్దెకుండేదాన్ని. గది చిన్నది. అందులో నేను కొన్న వస్తువంటూ దాదాపు లేదు. టేబుల్ లైటు పాత వెదురుబుట్టతో చేసింది. పుస్తకాల అర టమాటా పెట్టెలతో కట్టింది. కర్టెన్ మా అమ్మ పాత చీరల అంచులు కలిపి కుట్టింది. బజారులో ఏ వస్తువు నచ్చినా నాకు కొనాలనిపించేది కాదు. తిరగేసి అడుగు చూడాలనిపించేది. దేనితో చేశారు, ఎక్కడ అతికించారు, నేను చేస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన ముందు వచ్చేది.

చేసినవన్నీ నిలిచాయని కాదు. ఒకసారి జనపనార తాడు చుట్టలు చుట్టి చెప్పులు చేసుకున్నాను. క్యాంపస్‌లో వంగి మరీ చూశారు అందరూ. సాయంత్రం తార్నాక చౌరస్తాలో బస్సు దిగేసరికి వాన. రోడ్డు సగం దాటకముందే ఒక చెప్పు తాడుతాడుగా విడిపోయి నీళ్లలో కొట్టుకుపోయింది. రెండోది చేత్తో పట్టుకుని ఉత్తకాళ్లతో ఇల్లు చేరాను. గేటు దగ్గర ఆంటీ ఎదురయ్యారు.

"ఏవమ్మా, చెప్పులేవీ?"

"ఊడిపోయినయ్ ఆంటీ. నేనే చేసిన."

"నువ్వు చేశావా? ఏదీ, ఇలా ఇవ్వు."

ఆంటీది తెనాలి వైపు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అంకుల్‌కు విజయవాడ బదిలీ అవడంతో ఆయన శనివారాలు వచ్చి వెళ్లేవారు. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య నీళ్లొస్తున్నాయా, గేటు వేశావా అన్న మాటలు తప్ప ఇంకేం ఉండేవి కావు. ఆవిడ ఆ తడి చెప్పును అటూ ఇటూ తిప్పి చూశారు.

"జిగురేం వాడావు?"

"తెల్ల జిగురే."

"నీళ్లలో కరిగిపోదూ మరి! అడుగున సైకిల్ ట్యూబు ముక్క వెయ్యాల్సింది."

ఇదంతా ఎందుకని అడిగేవాళ్లే అప్పటిదాకా నాకు తెలుసు. ఎలా చేశావని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఆ ఏడాదే మాకు మట్టిపని క్లాసు మొదలైంది. డిపార్ట్‌మెంటులో తిరిగే చక్రాలు తక్కువ, మేం ఎక్కువ. మట్టిముద్దను చక్రం నట్టనడుమకు తేవడమే ఒక పెద్ద పని. చేతులు కదలకుండా పట్టుకుంటే ఊగిసలాడే ముద్ద నెమ్మదిగా కుదురుకుంటుంది. కదలని చేతికి మట్టి లొంగుతుందేమిటా అని నాకు వింతగా ఉండేది. అది కాస్త అర్థమవుతోంది అనుకునేసరికి వెనక వంతు కోసం ఇంకొకరు నిలబడి ఉండేవారు. ఇంట్లోనే ఒక చక్రం ఉంటే బాగుండునని మనసులో పడింది.

ఆంటీ వాళ్ల మెట్ల కింద పాడైన వాషింగ్ మెషీన్ ఒకటి దుమ్ముకొట్టుకుపోయి ఉండేది.

"ఆంటీ, గా మెషీన్ పాత సామానోళ్లకు ఇస్తున్నరా?"

"అంకుల్ ఇచ్చెయ్యమన్నారు. ఎందుకూ?"

"దాంతోని సారె చేస్త."

ఆవిడకు అర్థం కాలేదు. "సారేంటే? ఎవరి పెళ్లి?"

ఆవిడ దృష్టిలో సారె అంటే ఆడపిల్లతో అత్తారింటికి పంపే స్వీట్లూ చీరలూ. కుండలు చేసే చక్రాన్ని మా ఊళ్లో సారె అంటారని చెప్పాక చాలాసేపు నవ్వారు. నవ్వడం అయ్యాక స్క్రూడ్రైవర్ తెచ్చారు.

ఆదివారం పొద్దున ఇద్దరం మెషీన్ విప్పాం. లోపల అంకుల్ చొక్కా గుండీలు, పిన్నీసులు, నూలుపీచు ముద్దలు బయటపడ్డాయి. తీసిన ప్రతి భాగాన్నీ ఆంటీ పాత దుప్పటి మీద వరసగా పేర్చి, "ఇదెందుకుంది?" అని అడిగేవారు. నాకూ తెలిసేది కాదు. తిప్పి చూసి, ఊహించి, ముందుకు పోయేవాళ్లం. మోటారు బాగానే ఉందనిపించింది. బట్టలను తిప్పే రెక్క తీసేసి అక్కడ స్టీలు పళ్లెం బిగించాం. మధ్యలో మట్టిముద్ద అంటించి నేను కూర్చున్నాను. ఆంటీ రబ్బరు చెప్పులు వేసుకుని స్విచ్ వేశారు.

తిరిగింది! నేను ఇంకా చేతులు తడుపుకుంటుండగానే టక్కున ఆగింది. ఆగిన మరుక్షణం వెనక్కి తిరిగింది. మట్టిముద్ద ఎగిరి సగం గోడకు, సగం ఆంటీ నైటీకి అంటుకుంది.

స్విచ్ ఆపి ఆవిడ గోడకు చేరగిలబడ్డారు. "బట్టలుతికే యంత్రం కదే! అటూ ఇటూ తిప్పితేనేగా మురికి పోయేది!"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడకు మాత్రం అక్కడే ఆసక్తి మొదలైంది. రెండు మూడు రోజుల తర్వాత ఆఫీసు నుంచి వస్తూనే కింద నుంచి కేకేశారు.

"కరెంటు లేనప్పుడు ఎలా తిప్పేవాళ్లే?"

"కట్టెతోని తిప్పేటోళ్లు ఆంటీ. ఒక్కసారి తిప్పితే శానసేపు తిరుగుతది."

"ఎందుకు తిరుగుద్ది అంతసేపు?"

మా ఊళ్లో చిన్నప్పటి నుంచి చూసిన దాని గురించి నేనెప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ సాయంత్రం మోటారు బెల్టు ఊడదీసి, ఇరుసు మీది పళ్లాన్ని చేత్తోనే తిప్పి చూశాం. ఇలా తిరిగి అలా ఆగిపోయింది. పళ్లెం మధ్యలో మట్టిముద్దలు పెట్టి తిప్పాం. పెద్ద తేడా లేదు. అవే ముద్దలను ఆంటీ పళ్లెం అంచు చుట్టూ అంటించి తిప్పారు. ఆగలేదు. ఇద్దరం చూస్తున్నాం, అది తిరుగుతూనే ఉంది.

"అదే మట్టేగా!" అన్నారు ఆవిడ మెల్లగా.

"బరువు అంచుకుండాలె ఆంటీ!"

అంచున బరువుండే చక్రం కోసం వెతికితే, టైరులో సిమెంటు పోస్తే సరిపోతుందని తోచింది. లాలాగూడలో పంక్చర్ షాపాయన పాత స్కూటర్ టైరు పైసలడగకుండా ఊకనే ఇచ్చాడు. ఇచ్చాక అనుమానమొచ్చినట్టుంది.

"గిండ్ల గాలి నిలవదు మేడమ్. ఏం జేస్తరు?"

"సిమెంటు పోస్తం అన్నా."

"సిమెంటు పోస్తే బండెట్ల నడుస్తది?"

చెప్పాను. నమ్మినట్టు లేదు.

లాలాపేట్‌లో వెల్డింగ్ షాపులో మెషీన్ ఇరుసును తిరిగేలా ఇనుప స్టాండుకు అతికించి ఇచ్చారు. ఇరుసు మీద పళ్లెం, దాని మీద టైరు పెట్టి సిమెంటు పోశాం. అది ఆరేదాకా ఆంటీ రోజూ పొద్దునా సాయంత్రం దాని మీద నీళ్లు చల్లారు. డిపార్ట్‌మెంటులో ఎండిపోయిన మట్టిపెళ్లలు తీసుకుపొమ్మని మా సార్ అంటే, బస్తాలో వేసుకుని ఆటోలో తెచ్చి బకెట్లలో నానబెట్టాను.

శనివారం వచ్చిన అంకుల్ మెట్ల కింద ఖాళీ చూసి సంతోషించారు. "మెషీన్ ఇచ్చేశావా?"

"లేదండీ, పైన తిరుగుతోంది," అన్నారు ఆంటీ.

నిజానికి మొదట్లో తిరగడం కంటే ఊగడమే ఎక్కువ. సిమెంటు ఒక పక్క మందంగా పడింది. తేలికైన పక్క అడుగున కొంచెం కొంచెం మట్టి అంటిస్తూ సరిచేశాం. ఒక పూట నేను కట్టెతో తిప్పి చెయ్యి తీస్తే, చప్పుడు లేకుండా తనంతట తాను తిరిగింది. క్యాంపస్‌లో చక్రం మీద ఎన్నోసార్లు పనిచేశాను, కానీ చక్రం తిరగడాన్ని అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. దాని మీద మట్టి పెట్టడం కూడా మర్చిపోయాను.

ఆంటీ చీర కుచ్చిళ్లు దోపుకుని, "నన్ను కూర్చోనీ," అన్నారు. నేను తిప్పుతుంటే ఆవిడ మట్టిని పట్టుకున్నారు. చాలాసార్లు కూలింది. చివరికి పొట్టిగా, మందంగా గిన్నెలాంటిది నిలిచింది. ఆరాక నేను చేసిన కూజాతో పాటు దాన్నీ క్యాంపస్ బట్టీలో కాల్పించాను. నా కూజా బాగానే వచ్చింది. ఆవిడ గిన్నె రెండు చెక్కలైంది.

ఎలా చెప్పాలా అని దారంతా నలిగిపోయాను. పొట్లం విప్పగానే ఆవిడ రెండు ముక్కలనూ కిటికీ దగ్గరికి తీసుకుపోయారు.

"అమ్మో, అడుగు ఇంత మందంగా ఉందా! లోపలెలా ఉందో పగలకపోతే తెలిసేదే కాదు. ఇక్కడ చూడవే, చిన్న గుంట. ఏంటిది?"

"గాలి బుడగ ఆంటీ. మట్టి మంచిగ పిసకలే."

"అయితే రేపు బాగా పిసుకుదాం."

తర్వాతి విడత కాల్చేరోజు ఆవిడ సెలవు పెట్టి నాతో క్యాంపస్‌కు వచ్చారు. ఎంత వేడి, ఎంతసేపు, ముందే తీస్తే ఏమవుతుంది అని మా సార్‌ను ప్రశ్న మీద ప్రశ్న అడిగారు. ఆయన మొదట నిలబడి జవాబిచ్చారు. తర్వాత ఆవిడకో కుర్చీ, తనకో కుర్చీ తెప్పించారు. బట్టీ బాగా కాగాక నల్లద్దాలు ఇచ్చి, చూపుకన్నం దగ్గరికి పిలిచారు. ఆంటీ కాస్త దూరంగా వంగి లోపలికి చూశారు.

"ఎర్రగా వెలిగిపోతోందే! నా గిన్నె కనబడుతోంది! రా, నువ్వూ చూడు!"

నేను చూశాను. నిప్పు రంగు వెలుతురులో నిప్పు రంగు గిన్నె, అంచు మాత్రమే తెలుస్తోంది. ఇద్దరం ఆ అద్దాలు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ చూశాం.

ఈసారి గిన్నె పగల్లేదు. ఒక పక్కకు కాస్త ఒరిగింది, అంతే. చదువైపోయి నేను మౌలాలి వైపు మారాను. ఒక బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పుతున్నాను. సారె మాత్రం ఆంటీ దగ్గరే ఉంచాను. ఆవిడ ఆ గిన్నెలో పెరుగు తోడుపెడుతున్నారు. మట్టిదాంట్లో పెరుగు అంత గట్టిగా ఎందుకు తోడుకుంటుందో కనుక్కుందామని స్టీలు గిన్నెలో కూడా పక్కనే తోడుపెట్టి చూస్తున్నారట. మొన్న ఫోన్ చేసి నన్నడిగారు. నాకూ సరిగ్గా తెలియదు.